బొమ్మలో లేని నీళ్ల పైపు

నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన అన్నింటికంటే పెద్ద రిపోర్టు 38 పేజీలు. కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతంలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మెకానికల్ మెయింటెనెన్స్ విభాగంలో పనిచేస్తున్న రోజుల్లో, రాయిని ముక్కలుచేసే క్రషర్ నుంచి సున్నపురాయిని మోసుకుపోయే కన్వేయర్ బెల్ట్ మాటిమాటికీ ఎందుకు ఆగిపోతోందో తేల్చమని నాకు అప్పగించారు. మూడు వారాలు కూర్చుని రాశాను. బెల్ట్ తయారుచేసినవాళ్లు ఇచ్చిన కొలతలు, రోలర్ల నంబర్లు, పాత బ్రేక్‌డౌన్ల పట్టికలు, రంగుల ఫోటోలు, చివర పదకొండు సిఫారసులు, అంతా ఇంగ్లీషులో టైపు చేయించి, స్పైరల్ బైండింగు వేయించి మూడు కాపీలు ఇచ్చాను. ఒకటి పై అధికారి బల్ల మీద ఉండిపోయింది, ఒకటి బీరువాలో ఫైళ్ల మధ్యకు చేరింది, మూడోది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. బెల్ట్ మాత్రం ఆగుతూనే వచ్చింది.

ఆ రిపోర్టులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. కొలతలన్నీ నేను స్వయంగా తీసుకున్నవే, ఫోటోలు నేను తీసినవే. అయినా అది ఎవరికీ పనికిరాలేదు, ఎందుకు పనికిరాలేదో నాకు బోధపడడానికి మరో ఏడాది పట్టింది. పనిచోట తలెత్తిన సమస్య మీద రాసే నివేదిక ఒకే ఒక్క కాగితం మీద ఉండాలని అప్పటినుంచి నేను గట్టిగా నమ్ముతున్నాను. పై అధికారికి సమయం మిగులుతుందన్న కారణం నాకు అంత ముఖ్యమైనది కాదు. ఆ యంత్రం పక్కన రోజుకు ఎనిమిది గంటలు నిలబడే మనిషి, ఆ కాగితాన్ని అక్కడే నిలబడి చదివి, "ఇది తప్పు" అని వేలు పెట్టి చూపగలగాలి. అందుకోసం అది ఒక్క కాగితమై ఉండాలి, ఆ మనిషి చదవగలిగే భాషలో ఉండాలి. మా దగ్గర ఆ భాష తెలుగు.

ఈ ఒక్క కాగితం పద్ధతికి పేరు తెచ్చింది జపాన్‌లోని టొయోటా కంపెనీ. అక్కడ వాడే కాగితం సైజు పేరుతోనే దాన్ని ఏ3 రిపోర్టు అంటారు. ఏ3 అంటే 297 మిల్లీమీటర్ల వెడల్పు, 420 మిల్లీమీటర్ల పొడవు ఉన్న కాగితం. మనం రోజూ జిరాక్సు తీసే ఏ4 కాగితాలు రెండు పక్కపక్కన పెడితే అంతే అవుతుంది, మధ్యకు మడిస్తే మళ్లీ ఏ4 అయి మామూలు ఫైలులో ఇమిడిపోతుంది. కాగితాన్ని అడ్డంగా పరిచి, ఎడమ సగంలో సమస్య నేపథ్యం, ఇప్పుడున్న పరిస్థితి, చేరుకోవలసిన లక్ష్యం, కారణాల వెతుకులాట రాస్తారు. కుడి సగంలో ఏం చేయదలచుకున్నారో, ఎవరు ఎప్పటిలోగా చేస్తారో, చేసిన తరువాత ఫలితం ఏమైందో రాస్తారు. ఈ వరుస వెనుక ఉన్నది పథకం వేయడం, చేయడం, సరిచూడడం, సరిదిద్దుకోవడం అనే చక్రం. 1950లో అమెరికా నుంచి జపాన్ వెళ్లి అక్కడి ఇంజినీర్లకు ఉపన్యాసాలిచ్చిన ఎడ్వర్డ్స్ డెమింగ్ పేరుతో ఆ చక్రం ప్రసిద్ధికెక్కింది.

క్లుప్తత గురించి చెప్పేవాళ్లు సాధారణంగా విన్‌స్టన్ చర్చిల్‌ను తలుచుకుంటారు. యుద్ధం ముమ్మరంగా ఉన్న 1940 ఆగస్టులో ఆయన తన సహచరులకు ఒక చిన్న నోటు పంపి, రిపోర్టులు మరీ పొడవుగా ఉంటున్నాయని, ముఖ్యాంశాలు వెతుక్కోవడానికే సమయమంతా పోతోందని, వివరాలుంటే అనుబంధంలో పెట్టమని కోరాడు. ఆ మాటతో నాకు పేచీ లేదు. అయితే అది పైనుండి చదివేవాడి అవసరం. ఫ్యాక్టరీలో సమస్యకు జవాబు చాలాసార్లు కింద ఉంటుంది, రాయి పోసే హాపర్ పక్కన నిలబడిన హెల్పర్ దగ్గర, గ్రీజు గన్ను పట్టుకున్న ఫిట్టర్ దగ్గర ఉంటుంది. పైకి పంపడానికి రాసిన కాగితం, అది ఎంత పొట్టిదైనా, ఆ జవాబును పట్టుకోలేదు.

బెల్ట్ సంగతికి వస్తాను. ఏడాది తరువాత, వేరే విభాగం నుంచి వచ్చిన ఒక సీనియర్ ఇంజినీరు నా 38 పేజీలు తిరగేసి, "నీ సమస్య ఏమిటో ఒక్క వాక్యంలో రాసివ్వు" అన్నారు. "క్రషర్ కన్వేయర్ బెల్ట్ తరచుగా ట్రిప్ అవుతోంది" అని రాశాను. ట్రిప్ అంటే దానంతటదే ఆగిపోవడం. తరచుగా అంటే ఎన్నిసార్లు, ఎప్పటినుంచి, ఆగితే ఎంతసేపు, ఎప్పుడెప్పుడు అని అడిగారు. నా పట్టికల్లో ఆ అంకెలన్నీ ఉన్నాయి, నా తలలో మాత్రం లేవు. ఆ సాయంత్రం లాగ్ బుక్ ముందేసుకుని మళ్లీ లెక్కపెట్టాను. గడిచిన రెండు నెలల్లో బెల్ట్ పక్కకు జరిగి, అలా జరిగితే దాన్ని ఆపేసే స్వే స్విచ్ పనిచేయడం వల్ల 19 సార్లు ఆగింది, ఆగిన ప్రతిసారీ సగటున 35 నిమిషాలు పోయాయి, మొత్తం 11 గంటలు. సమస్యను ఈ రూపంలో రాసినప్పుడు దాని బరువు మొదటిసారి నా చేతికి తెలిసింది. "తరచుగా", "తీవ్రంగా", "ఆశించిన స్థాయిలో లేదు" వంటి మాటలు రాసేవాడికి సుఖంగా ఉంటాయి కానీ, అవి ఉన్న వాక్యాన్ని ఎవరూ కాదనలేరు, కాదనడానికి వీల్లేని వాక్యంతో ఎవరూ పని మొదలుపెట్టలేరు.

ఆయన రెండో మాట, బొమ్మ గీయమని. కంప్యూటరులో ఉన్న డ్రాయింగు అంటించవద్దు, బెల్ట్ దగ్గరికి పోయి, తల నుంచి తోక దాకా నడిచి, ఒకే ఏ3 కాగితం మీద చేత్తో గీయమన్నారు. జపాన్ వాళ్లు ఈ నడకకు చాలా ప్రాధాన్యం ఇస్తారు, పని జరిగే చోటును గెంబా అంటారు, అక్కడికి వెళ్లి కళ్లతో చూడనిది రాయకూడదంటారు. మే నెల ఎండలో, సున్నపురాయి దుమ్ములో, ఆ గ్యాలరీ వెంట నేను రెండుసార్లు నడిచి గీసుకున్నాను. ఎడమ చివర క్రషర్ కింద టెయిల్ పుల్లీ, కుడి చివర పైన హెడ్ పుల్లీ, కింద తిరుగు ముఖం పట్టే బెల్ట్‌ను మోసే రిటర్న్ రోలర్లు, బెల్ట్ మీది మట్టిని గీకేసే స్క్రాపర్, రెండు పక్కలా స్వే స్విచ్‌లు. బొమ్మ పక్కనే ఒక గీత గీసి, ఇరవై నాలుగు గంటలు గుర్తుపెట్టి, 19 ట్రిప్పులనూ అవి జరిగిన వేళల దగ్గర చుక్కలుగా పెట్టాను.

చుక్కలు పెట్టడం పూర్తయ్యేసరికి నాకు ఒళ్లు ఝల్లుమన్నది. మా దగ్గర ఏ షిఫ్ట్ ఉదయం 6 గంటలకు, బీ షిఫ్ట్ మధ్యాహ్నం 2 గంటలకు, సీ షిఫ్ట్ రాత్రి 10 గంటలకు మొదలవుతాయి. 19 చుక్కల్లో 14 చుక్కలు షిఫ్ట్ మారిన తరువాతి గంటలోనే గుంపుగా పడి ఉన్నాయి. ఈ వేళలన్నీ నా పెద్ద రిపోర్టు 22వ పేజీలో పట్టికగా ఉన్నవే. తేదీల వరుసలో రాసినందువల్ల, ఒక పేజీ నుంచి మరో పేజీకి పాకినందువల్ల, నేను రాసినది నాకే కనబడలేదు. స్థలం చాలక గీతగా కుదించవలసి వచ్చినప్పుడు అది కనబడింది. ఒక్క కాగితం హద్దు చేసే మేలు ఇక్కడ ఉంది: ఉంచవలసినదేదో, తీసేయవలసినదేదో తేల్చుకోక తప్పదు, ఆ తేల్చుకోవడమే ఆలోచన. పేజీలకు హద్దు లేనప్పుడు మనం సేకరించినదంతా వరుసగా పేర్చి, ఆలోచించే భారం చదివేవాళ్ల మీద మోపుతాం.

అయినా కారణం ఇంకా నాకు తెలియదు. షిఫ్ట్ మారితే బెల్ట్ ఎందుకు పక్కకు జరగాలి? కారణాల గడి ఖాళీగా వదిలి, కాగితాన్ని తెలుగులో రాసి, క్రషర్ క్యాబిన్ గోడకు అంటించాను. తెలుగులో రాయడం ఆ సీనియర్ చెప్పినది కాదు, నాకే తోచింది. అందుకు ప్రత్యేకమైన దూరదృష్టి ఏమీ లేదు, చేత్తో రాసేటప్పుడు నా చేతికి తెలుగు సులువు, అంతే. ట్రిప్, స్క్రాపర్, రోలర్ వంటి మాటలను మా వాళ్లందరూ వాడే రూపంలోనే ఉంచాను. వాటికి తెలుగు మాటలు కల్పించి ఉంటే ఇంగ్లీషు రిపోర్టుకు పట్టిన గతే దీనికీ పట్టేది.

మరునాడు ఏ షిఫ్ట్‌లో ఉన్న హెల్పర్ ఒకాయన, యాభై దాటిన మనిషి, బడి చదువు పెద్దగా లేకపోయినా పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివే మనిషి, ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడి నన్ను పిలిచాడు.

"సార్, నీళ్ల పైపు ఏది? బొమ్మలో గీయనే లేదే."

దుమ్ము లేవకుండా క్రషర్ కింద, రాయి బెల్ట్ మీదికి జారే చూట్ దగ్గర నీళ్లు చల్లే పైపు అది. "దానికీ బెల్ట్‌కూ ఏం సంబంధమన్నా?" అన్నాను.

"షిఫ్ట్ మారేటప్పుడు డంపర్లు రావు కద సార్. అర్ధగంట, ముప్పావుగంట బెల్ట్ ఉత్తదే తిరుగుతాంటాది. నీళ్లు మాత్రం పడతానే ఉంటాయి. ఆ బురదంతా యాడికి పోతాది?"

డంపర్లంటే గని నుంచి రాయి తెచ్చే లారీలు. మేమిద్దరం కిందికి దిగి చూశాం. పైపు ఉన్న వైపు రిటర్న్ రోలర్ల మీద బురద పొర పొరగా ఎక్కి, ఎండి, నాపరాయిలా గట్టిపడి ఉంది. రోలర్ ఒక చివర లావై రెండో చివర సన్నగా ఉంటే బెల్ట్ నిలకడగా నడవదు, పక్కకు జరుగుతుంది. సుత్తితో కొడితే అరచేయంత పెచ్చు ఊడివచ్చింది. ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అడగలే కద సార్. మీరు రాసిన ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉండె" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, ఉన్న సంగతి చెప్పాడు. పది నెలలుగా ఆ మనిషికి తెలిసిన విషయం నా 38 పేజీల్లో లేదు.

ఆ తరువాత ఎందుకు, ఎందుకు అని అడుగుతూ పోవడం తేలికైంది. టొయోటాలో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన తైచీ ఓనో ఇచ్చిన ఉదాహరణ మెయింటెనెన్స్ వాళ్లందరికీ తెలిసినదే: యంత్రం ఆగింది, ఎందుకంటే భారం ఎక్కువై ఫ్యూజు పోయింది, ఎందుకంటే బేరింగుకు నూనె చాలలేదు, ఎందుకంటే నూనె పంపు సరిగ్గా తోడడం లేదు, ఎందుకంటే పంపు షాఫ్టు అరిగి ఆడుతోంది, ఎందుకంటే వడపోత జాలీ లేక ఇనుప రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి ఊరుకుంటే ఆ యంత్రం మళ్లీ ఆగుతుంది. మా కాగితం మీద వరుస ఇలా వచ్చింది. బెల్ట్ పక్కకు జరిగి స్విచ్‌ను తాకింది. రోలర్ల మీద ఒకవైపు బురద గట్టిపడినందువల్ల జరిగింది. తడిసిన పొడి బెల్ట్‌కు అంటుకుని, అరిగిన స్క్రాపర్ దాన్ని గీకలేకపోయినందువల్ల పేరుకుంది. బెల్ట్ ఉత్తగా తిరిగే సమయంలో కూడా నీళ్లు పడినందువల్ల తడిసింది. వాల్వ్ చేత్తో తిప్పేది, షిఫ్ట్ చివర దాన్ని కట్టేయడం ఎవరి పని అని ఎక్కడా రాసి లేదు కాబట్టి నీళ్లు పడుతూనే ఉన్నాయి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాని గురించి కొంచెం ఆగి చెప్పాలి. నాలుగో మెట్టు దగ్గర "హెల్పర్ నిర్లక్ష్యం" అని రాసేయడం ఎంతో సులువు. మన ఫ్యాక్టరీలలో, ఆఫీసులలో సగం రిపోర్టులు అక్కడే ఆగిపోవడం నేను చూశాను. మనిషి పేరు దొరకగానే కారణం దొరికిందనుకుంటాం, ఆ మనిషికి మెమో ఇస్తాం, ఫైలు మూసేస్తాం. అలా ఒక్కసారి జరిగితే చాలు, మరుసటి నెల గోడకు అంటించిన కాగితం ముందు ఎవరూ నిలబడరు, నీళ్ల పైపు సంగతి ఎవరూ చెప్పరు. అందుకే నేను తరువాతి రోజుల్లో నా దగ్గర పనిచేసిన పిల్లలకు ఒక నియమం పెట్టాను: కారణాల గడిలో మనిషి పేరు గానీ, హోదా గానీ వస్తే, అక్కడ మరొక "ఎందుకు" తప్పనిసరిగా అడగాలి.

చేయవలసిన పనుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. స్క్రాపర్ బ్లేడు ఆ వారంలోనే మార్చాం. ఆఖరి డంపర్ దించగానే వాల్వ్ కట్టేయడాన్ని తాత్కాలికంగా షిఫ్ట్ హెల్పర్ పనుల్లో చేర్చాం. బెల్ట్ మీద బరువు ఉన్నప్పుడే నీళ్లు వదిలే, కరెంటుతో పనిచేసే సోలనాయిడ్ వాల్వ్ పెట్టాలని శాశ్వత ఏర్పాటుగా రాసి, కొనుగోలుకు పంపాం. నా పాత రిపోర్టులోని పదకొండు సిఫారసులలో మొదటిది బెల్ట్ మొత్తాన్ని మార్చడం.

అయితే ఆ వాల్వ్ ఒప్పించుకోవడంలో ఒక్క కాగితం ఎంత ఉపయోగపడిందో చెప్పకుండా ఉండలేను. ఎలక్ట్రికల్ వాళ్లు, ప్రాసెస్ వాళ్లు, గని వాళ్లు, స్టోర్స్ వాళ్లు, నలుగురూ ఒప్పుకోవాలి. వాళ్లందరినీ ఒక మీటింగులో కూర్చోబెట్టి అడిగి ఉంటే నాలుగు అభ్యంతరాలు వచ్చేవి, ఎవరి అభ్యంతరం మీద వాళ్లు పదిమంది ముందు పట్టుబట్టి కూర్చునేవాళ్లు. కాగితం చేతపట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికి విడివిడిగా పోయాను. ప్రాసెస్ ఆయన, నీళ్లు ఆలస్యంగా మొదలైతే మొదటి డంపరు దుమ్ము లేపుతుందని చెప్పి, కొన్ని క్షణాలు ముందుగా తెరుచుకునేలా చూడమన్నాడు. ఆయన పెన్నుతోనే ఆ మాట కాగితం మీద రాయించాను. జపాన్ భాషలో ఈ తిరుగుడుకు నెమవాషి అనే మాట ఉంది, చెట్టును ఒక చోటి నుంచి మరో చోటికి మార్చే ముందు దాని వేళ్ల చుట్టూ తవ్వడం అని ఆ మాటకు అర్థం. అనంతపురం వైపు చీనీ (బత్తాయి) తోటలు పెట్టే రైతుకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. వేళ్ల చుట్టూ మట్టిగడ్డ చెదరకుండా తీసిన మొక్కే కొత్త గుంటలో నిలుస్తుందని ఆయనకు తెలుసు. 38 పేజీల పుస్తకాన్ని పట్టుకుని అలా తిరగలేము, ఎదుటి మనిషి చేత అందులో రాయించలేము.

ఈ పద్ధతికి ఎదురు చెప్పేవాళ్ల మాటల్లో న్యాయం లేకపోలేదు. నా తోటి ఉద్యోగి ఒకాయన, "ఒక్క పేజీ ఇస్తే, నెల రోజులు ఏం చేశావని అడుగుతారు" అనేవాడు. మన దగ్గర రిపోర్టు మందాన్ని బట్టి శ్రమను కొలిచే అలవాటు నిజంగానే ఉంది, కొత్తగా చేరిన కుర్రవాడికి ఆ భయం ఉండడం తప్పు కాదు. దానికి నా జవాబు, ఆధారాలను పారేయమని ఎవరూ అనలేదు, లెక్కలు, ఫోటోలు, కొలతలు ఫైలులో ఉండనివ్వండి, అడిగినవాళ్లకు చూపండి, గోడ మీదికి మాత్రం కాగితం ఒక్కటే వెళ్లాలి అని. ఇంకొందరు కాగితాన్ని పాటిస్తూనే ఉద్దేశాన్ని చంపేస్తారు. అక్షరాలను చీమల బారులా చిన్నవి చేసి 38 పేజీలనూ ఏ3 లోకి కుక్కుతారు, లేదా సమస్య ఎలాగో తీరిపోయాక, ఆడిటు వస్తోందని, గడులన్నీ వెనక్కి నింపుతారు. అలాంటి కాగితం కన్నా లేకపోవడమే మేలని నా అభిప్రాయం. దానిలో కారణాల గడి ఒక్కనాడు కూడా ఖాళీగా ఉండి ఎవరినీ ప్రశ్న అడగలేదు.

అన్నిటికీ ఒక్క కాగితం సరిపోతుందని కూడా నేను అనను. మనిషికి దెబ్బ తగిలిన ప్రమాదాలకు చట్టం అడిగే ఫారాలు, సాక్షుల మాటలు, పూర్తి విచారణ ఫైలు ఉండి తీరాలి. అక్కడ కుదించడం వల్ల అన్యాయం జరగవచ్చు.

భాష సంగతిలో మాత్రం నేను వెనక్కి తగ్గను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 108వ సెక్షనులో, ఆ చట్టం ప్రకారం ఫ్యాక్టరీలో ప్రదర్శించే నోటీసులు ఇంగ్లీషులోనూ, కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలని చెప్పింది. పని గంటలు, భద్రతా నియమాలు కార్మికుడికి అర్థం కావాలని అన్నేళ్ల కిందటే గుర్తించాం. ఆ కార్మికుడికి మనం చెప్పేది అర్థం కావాలని అనుకున్నాం కానీ, ఆయన మనకు చెప్పవలసినది కూడా ఉంటుందని, అందుకు మన ఆలోచన కూడా ఆయన భాషలో ఆయన ముందు పరిచి ఉండాలని అనుకోలేదు. ఇంగ్లీషు తెలిసిన పై అధికారికి తెలుగు కాగితం ఇస్తే ఆయనకేమీ నష్టం లేదు. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక అధికారికి నేను అదే కాగితం పట్టుకుని నోటితో ఇంగ్లీషులో వివరించాను, బొమ్మ, చుక్కల గీత చూపితే మూడు నిమిషాలలో ముగిసింది. గోడ మీద ఇంగ్లీషు కాగితం ఉంటే, దాన్ని ప్రతి షిఫ్ట్‌లో ప్రతి హెల్పర్‌కూ వివరించడానికి ఎవరుంటారు?

ఆ కాగితంలో ఆఖరి గడి, చేసినదాని ఫలితం. అందరూ అశ్రద్ధ చేసే గడి ఇదే, బెల్ట్ నడుస్తోంది కదా, ఇంకేం రాయాలి అంటారు. నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు అని మూడు తేదీలు ముందే వేసి, ఆ మూడు చోట్లా ఖాళీ వదిలాను. మొదటి నెలలో స్వే ట్రిప్పులు రెండు వచ్చాయి, రెండూ కొత్త వాల్వ్ ఇంకా రాక మునుపు, చేత్తో కట్టేయడం మరిచిన రోజుల్లోవి. మూడు నెలల గడిలో సున్నా రాశాం. ఆరు నెలల గడి నింపడానికి పోయినప్పుడు, అక్కడ అప్పటికే పెన్సిలుతో ఎవరో "1" అని రాసి, పక్కన "వాల్వ్ లోపల సున్నం పట్టి సగమే మూసుకుంటాంది" అని రాసి పెట్టారు. మా నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ వాక్యాన్ని చెరిపేయకుండా, దాని కింద తేదీ వేసి, పక్కన గోడకు కొత్త ఏ3 కాగితం ఒకటి అంటించి, దాని మీద ఈసారి ముందుగా నీళ్ల పైపు గీశాను.